తునికాకు గోదాంలో మా అవ్వ

తెలంగాణ కోసం రోడ్డు మీద కూచున్న మనుషులు నన్ను పట్టుకుపోయి తునికాకు గోదాంలో వేసి బయట గొళ్లెం పెట్టారు. నన్నొక్కణ్నే కాదు, నా చేతి సంచిలో ఉన్న మా అవ్వను కూడా. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. ఆమె చనిపోయింది. సంచిలో ఉన్నవి ఆమె అస్థికలు. గోదావరిలో కలపడానికి కాళేశ్వరం తీసుకుపోతున్నాను.

జరిగింది ఇదీ. ఎవరిది తప్పో తేల్చడానికి పంచాయితీ కూడా అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. "రాష్ట్రం అచ్చింది, జిల్లాలు గూడ కొత్తయి అయినయ్, ఆ పొలగాండ్లకు పిల్లలు పుట్టి బడికి పోతుండ్రు. ఇంకా గదే ముచ్చటనా మామా?" అంటుంది కోడలు. అదే ముచ్చట. నాకు జ్ఞాపకం ఎక్కువ, ఏం చేయను. అరవై తొమ్మిదిలో జనగామ స్టేషన్ బయట నా భుజం మీద పడ్డ లాఠీ ఇప్పటికీ మబ్బు పట్టినప్పుడల్లా తన సంగతి తను చెప్పుకుంటుంది. అప్పుడు నా వెనక పరిగెత్తినవాళ్లలో సగం మంది పోయారు. ఉద్యమం మళ్లీ లేచేనాటికి నేను ముసలివాణ్ని. నాలాంటివాణ్ని, ఉద్యమం పేరు చెప్పి, పోలీసు మనిషి అని లోపల వేశారు. దీన్ని మరిచిపొమ్మంటే ఎట్లా మరిచిపోను?

నేను బడికి పోయినవాణ్ని కాను. కొడకండ్లలో పశువులు కాశాను, జనగామలో బస్తాలు మోశాను. స్టేషన్ బోర్డు చూసి అక్షరాలు పట్టుకున్నాను. గోడల మీద రాతలు, పల్లీలు కట్టిచ్చిన కాగితాలు, పాత వారపత్రికలు, ఇవే నా బడి. ఇంత చదువు సొంతంగా సంపాదించుకుని ఆఫీసుకు పోతే, కుర్చీలో ఉన్నవాడు "మీ భాష మాకు తెలీటం లేదండీ" అని పక్కవాడి వైపు చూసి నవ్వేవాడు. సినిమాకు పోతే అక్కడా అంతే. మా మాట మాట్లాడేవాడు రౌడీ, కాకపోతే తన్నులు తినే బండోడు. వాడు నోరు తెరిస్తే చాలు హాలంతా నవ్వేది. నేను టిక్కెట్టు కొనుక్కుని మరీ కూచుని పళ్లు కొరికేవాణ్ని. అట్లా బతికి బతికి ఒక అలవాటు పట్టుకుంది. ఎదుటి మనిషి నోరు తెరిస్తే అతను ఏమంటున్నాడో తర్వాత, ముందు ఎక్కడివాడో చూడటం. నాకే కాదు, ఆ రోజుల్లో మా దిక్కు అందరికీ అదే చెవి.

మా అవ్వది వేరే చెవి. జనగామలో రైలెక్కి మానుకోటలో దిగేలోపల ఆ డబ్బాలో ఉన్నవాళ్లందరి సంసారాలూ ఆమెకు తెలిసిపోయేవి. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. "నీ బిడ్డెను యాడిచ్చినవ్ అక్కా", "ఆ కాలుకేమైంది నాయినా", ఇట్లా మొదలుపెట్టేది. టోపీ పెట్టుకున్న సాయిబు గానీ, పూసలమ్మే ఆమె గానీ, కళ్లద్దాల టీచరు గానీ, ఎవరైనా సరే. ఒకసారి కోస్తా నుంచి వచ్చిన ఒకామెతో మామిడికాయ తొక్కు పచ్చడి గురించి కాజీపేట దాకా వాదించింది. దిగేటప్పుడు ఇద్దరూ ఒకరి గడ్డం ఒకరు పట్టుకున్నారు. నాకు సిగ్గుగా ఉండేది. "గా ముచ్చట్లు నీకెందుకే" అనేవాణ్ని. "నీకెర్క లేదురా, ఊకె కూసుంటె దారి సాగదు" అనేది.

ఆమె మానుకోటలో మా చెల్లె ఇంట్లో పోయింది. నాలుగు రోజులు ఉండి వస్తానని పోయి, జ్వరం పట్టి అక్కడే పడుకుంది. అవి తెలంగాణ సమ్మెతో బస్సులన్నీ డిపోల్లో నిలబడిపోయిన రోజులు. బళ్లు బంద్, ఆఫీసులు బంద్, రైళ్లు ఎక్కడ ఆగుతాయో డ్రైవరుకే తెలియదు. నేను కొడకండ్ల నుంచి మానుకోట చేరడమే ఒక గండం. నేను వచ్చేసరికి నా కోసమే ఆగినట్టు ఒకసారి కళ్లు తెరిచి, "నన్ను గోదారిల కలుపు, బిడ్డా" అంది. ఇంకేమీ అడగలేదు. జీవితమంతా ఎండిన బావుల్లో బొక్కెన దించిన మనిషి. ఆమె కోరిక అంతే.

కాళేశ్వరం పోవాలి. పోవడానికి బండి లేదు. అస్థికలను మేం బొక్కలు అంటాం. వాటిని ముంతలో పెట్టి, బట్ట కట్టి, చెల్లె ఇంటి వాకిట్లో వేపచెట్టు కొమ్మకు వేలాడదీశాం. వాటిని ఇంట్లోకి తేకూడదు, నేల మీద పెట్టకూడదు. రోజూ పొద్దున లేచి ఆ మూటను చూడటం, ఇవ్వాళ బంద్ ఎత్తేశారా అని ఆరా తీయడం. ఎత్తేయలేదు. పెద్దకర్మ రానే వచ్చింది, తెల్లారితే పెద్దకర్మ. ఆ లోపల బొక్కలు నీళ్లు చూడాలి. చూడకపోతే చేసిందంతా చేయనట్టే. ఇక ఆగలేక ఆ రోజు బయలుదేరాను.

బయలుదేరేముందు మా చిన్నాయన మా ఇంటి ఆచారం మళ్లీ ఒకసారి చెప్పాడు. మూట చేతికి వచ్చిన దగ్గర్నుంచి నీళ్లల్లో వదిలేదాకా నోరు తెరవొద్దు. ఎవరు పెట్టినా తినొద్దు. వెనక్కి తిరిగి చూడొద్దు. "ఎవలడిగిన పలుకకు. నోటితోటి గాదు, సైగతోటి గాదు, రాత తోటి గాదు. నువ్వు ఏడ జెప్పితె మీయవ్వ ఆన్నే ఆగుతది. ఇంక ముంతల ఉత్త బొక్కలే పోతయ్ గోదారికి." నమ్మకమా కాదా అని నన్ను అడగకండి. నేను పేపరు చదివేవాణ్నే. కానీ మూట చేతిలో ఉన్నప్పుడు అది నమ్మకం కాదు, మా అవ్వ.

నా బట్టలు తడిసి ఉంటే బావ తన చొక్కా ఇచ్చాడు. ఆయన రైల్వేలో పని చేసి దిగినవాడు. ఖాకీ చొక్కా. దానికి తోడు నాకు చిన్నప్పటి నుంచీ పెద్ద మీసం, పొట్టి క్రాపు. గుండు చేయించుకుని ఉంటే ఎవరైనా పోల్చుకునేవాళ్లే. మాకు గుండు నది ఒడ్డునే.

బావ తమ్ముడు మోటారుసైకిల్ మీద అడ్డదారుల్లో భూపాలపల్లి దాకా దింపాడు. గనుల్లో పని బంద్ ఉండి భూపాలపల్లి ఆకాశం ఎన్నడూ లేనంత నీలంగా ఉంది. అక్కడ దొంగచాటుగా మనుషులను ఎక్కించుకుంటున్న ఒక జీపు దొరికింది. బావ తమ్ముడు డ్రైవరుకు "ఈయన్ని కాళేశ్వరంల దించు" అని మాత్రం చెప్పి, పెద్దకర్మ పనులుంటే వెనక్కి పోయాడు. బొక్కలున్నాయని చెబితే ఏ డ్రైవరూ ఎక్కించుకోడు.

జీపులో నా పక్కన ఒకాయన కూచున్నాడు. నా కంటే పదేళ్లు చిన్న ఉంటాడు. కాళ్ల కింద పెద్ద మూట. కూచోగానే మొదలుపెట్టాడు. "కాళేశ్వరమేనాండీ తమరు కూడా? ఆయ్, నేనూ అటేనండి. వలలండి ఇవి. గోదారి పక్క ఊళ్లల్లో చేపలు పట్టేవోళ్లకి ఏటా తెచ్చిస్తానండి." ఆ "అండీ" చెవిన పడగానే నేను ముఖం తిప్పుకున్నాను. మాట్లాడకూడదు కనుక మాట్లాడలేదు, అది నిజమే. మాట్లాడొచ్చు అన్నా మాట్లాడేవాణ్ని కాదు, అదీ నిజమే. కొడకండ్లలో మేం బోరు మీద బోరు వేసి దుమ్ము చూశాం. ఇక్కడ పారే గోదావరి అక్కడ వీళ్ల మళ్లకు పోయింది. ఇప్పుడు ఆ గోదావరిలో వలలు అమ్మడానికి కూడా వీళ్లే రావాలా అనుకున్నాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. తన ఇంటి సంగతి, దారి సంగతి, వానల సంగతి. నేను టేకుచెట్లు చూస్తూ కూచున్నాను.

కాటారం ఇంకా కొంత దూరం ఉందనగా జీపు ఆగింది. రోడ్డుకు అడ్డంగా ఎండుమానులు పడేసి ఉన్నాయి. వాటి అవతల రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు, పెద్ద గుండిగలు. వంటావార్పు. ఆ రోజుల్లో అది ఉద్యమం తీరు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, ఆగిన బండ్లవాళ్లకు కూడా పెట్టేవాళ్లు. మంచి పద్ధతి. మా ఊళ్లో నేనే కూరగాయలు మోసుకుపోయి ఇచ్చినవాణ్ని. తిన్నవాడు మనవాడు. తిననంటే మాత్రం ఎందుకు తిననంటున్నాడో చూడాల్సిందే.

జీపులో మాతో వచ్చిన ఆడవాళ్లు దిగి విస్తళ్ల ముందు కూచున్నారు. వలలాయన కూడా కూచున్నాడు. నేను సంచి పట్టుకుని దూరంగా చింతచెట్టు నీడకు పోయి నిలబడ్డాను. డ్రైవరు ఇదే సందని జీపు తిప్పుకుని భూపాలపల్లి వైపు ఉడాయించాడు.

"ఏ ఊరే పెద్దాయన? రా, తిందువు రా" అన్నాడు ఒకడు. నేను పలకలేదు.

"నిన్నేనే. అన్నం తినవా?"

నేను వేరే దిక్కు చూశాను.

"అరే, గీయన పలుకుతలేడు రా" అన్నాడు వాడు వెనక్కి తిరిగి. నలుగురైదుగురు వచ్చారు. వాళ్లలో ఒకడు పెద్ద. ముప్పై దాటినవాడు, మెడలో తువ్వాల, అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. మిగతావాళ్లు అతన్ని అన్నా అంటున్నారు. అతను నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. అప్పటికి వారం నుంచి ఆ దిక్కు ఒక మాట తిరుగుతోందట. మఫ్తీలో పోలీసులు వచ్చి ఫొటోలు తీసుకుపోతున్నారు, తెల్లారి పిల్లల మీద కేసులు పడుతున్నాయి అని. నేను తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు నాకు కనబడింది అతని చూపు ఒక్కటే. ఆ చూపు నా మీసం దగ్గర ఆగింది, చొక్కా దగ్గర ఆగింది, సంచి దగ్గర ఆగింది.

"సంచిల ఏమున్నది?" అన్నాడు.

నేను సంచి కడుపుకు హత్తుకున్నాను. ఒకడు చేయి వేసి నొక్కాడు. ముంత తగిలింది.

"గట్టిగున్నదన్నా. సెట్టే. వైర్‌లెస్ సెట్టు."

"ఇప్పి సూపియ్యే పెద్దాయన. ఏం లేకపోతె నీ తొవ్వన నువ్వు పోదువు."

లాగారు. నేను వదల్లేదు. నా గోళ్లు ఒకడి చేతికి గీసుకున్నాయి. వాడు తిట్టాడు. అప్పటికే అక్కడ విస్తరి ముందు ఇంకో గొడవ లేచింది. వలలాయన తింటూ తింటూ "పప్పు ఎంత బాగుందండీ" అన్నాడట. అంతే. ఆ మాట విన్నవాడు ఆయన చెయ్యి పట్టి లేపాడు.

"యాడోడివిరా నువ్వు?"

"రాజమండ్రి అవతలండి. వలలమ్ముకుంటానండి."

"మా నీళ్లు మలుపుకపోయి సాలలేదా? మా సేపల మీద గూడ పడ్డరా?"

"అయ్యో, చేపలు నేను పట్టనండి. వలలేనండి నావి."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు, అది తనతో కలిసి నవ్వే నవ్వు కాదని తెలిసి ఆగిపోయాడు.

గొంతు బొంగురుపోయిన మనిషి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరు ఒక్క జీపులనే అచ్చిండ్రు. ఇయ్యాల మనం ఏం జేస్తున్నమో సూడనీకె అచ్చినోళ్లే. కొట్టకుండ్రి. కొడితె మనమీదికే అస్తది. గోదాంల కూసోపెట్టుండ్రి, పెద్దమనుషులు అచ్చినంక సూద్దాం."

రోడ్డుకు కొంత లోపల తునికాకు గోదాం ఉంది. బీడీలు చుట్టే ఆకు ఎండాకాలంలో కోసి అందులో వేస్తారు. ఆకు ఎత్తేసి చాలా రోజులైనట్టుంది. పొడీ వాసనా మిగిలాయి. గోడలు సిమెంటు, పైన రేకులు, కిటికీ లేదు. ఇద్దర్నీ లోపలికి నెట్టి, వలల మూట కూడా విసిరేసి, గొళ్లెం పెట్టారు.

రేకుల్లో ఒక చిల్లు ఉంది. అందులోంచి ఎండ ఒక రూపాయి బిళ్లంత నేల మీద పడింది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. కూచోవడానికి వీల్లేదు, ఒళ్లో పెట్టుకున్నా సంచి అడుగు నేలకు తగులుతుంది. గోడకు ఆనుకుని నిలబడి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. బయట డప్పు కొడుతున్నారు. పాటలు పాడుతున్నారు. ఆ పాటలన్నీ నాకు వచ్చు. ఒక్కో పాటకు తర్వాతి చరణం ఏమిటో నా నోట్లోకి వస్తోంది, పెదవి బిగబట్టుకున్నాను. ఎండ బిళ్ల గోడ వైపు జరుగుతోంది. అది గోడ ఎక్కి పోయిందంటే పొద్దు వాలినట్టే. పొద్దు పోయాక బొక్కలు కలపరు. తెల్లారితే పెద్దకర్మ. చెల్లె ఇంట్లో బంధువులందరూ కూచుని ఉంటారు. నేను అరిచి ఒక్క మాట చెబితే ఈ తలుపు తెరుచుకోవచ్చు. కానీ చెబితే అవ్వ ఇక్కడే ఆగిపోతుంది, ఈ రేకుల కింద, ఈ ఆకు పొడిలో. చెప్పకపోతే అవ్వ అసలు నీళ్లకే చేరదు. ఎటు పోయినా గోడే.

చేతులు లాగడం మొదలుపెట్టాయి. సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాను. వలలాయన మూట మీద కూచుని నన్ను చూస్తున్నాడు. చాలాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చి, కొంచెం దూరంలోనే ఆగాడు.

"తల్లిగారాండీ, తండ్రిగారా?" అన్నాడు మెల్లగా.

నేను కదల్లేదు.

"చెప్పకండి, మీరు చెప్పకూడదేమో. మా నాన్నగారిని నేనూ ఇలాగే పట్టుకెళ్లానండి. చేతులు ఊడిపోతాయి."

ఆయన తన మూట విప్పి వలతాడు ఒక బారెడు తీసి పళ్లతో కొరికాడు. రేకుల కింద ఇనుప పట్టీ ఉంది. మూట మీదికెక్కి దానికి తాడు వేసి, కింద ఉచ్చులా ముడి వేసి దిగాడు. "మీరే తగిలించుకోండి. నేను ముట్టుకోనండి" అని వెనక్కి జరిగాడు.

నేను తగిలించాను. సంచి గాలిలో నిలబడింది. నా చేతులు రెండూ కిందికి జారిపోయాయి. నాకు అప్పుడు ఆయన మీద అభిమానమేమీ పుట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. కోపం వచ్చింది. ఇంతమంది నా వాళ్లు బయట ఉన్నారు, నా పాటలు పాడుతున్నారు. వాళ్లలో ఒక్కడికి తట్టనిది ఈయనకే తట్టాలా అని.

ఆయన తలుపు దగ్గరికి పోయి తట్టాడు. "బాబూ, తలుపు తియ్యండి. ఈయన పోలీసు కాదండి. ఆ సంచిలో ఉన్నవి అస్థికలండి. ఇంట్లో పెద్దవాళ్లు పోయారండి ఈయనకి. పొద్దు పోతే నదిలో కలపరండి."

బయట నవ్వులు. ఒకడు ఆయన గొంతు అనుకరించాడు. "కలపరండీ. తియ్యండీ. ఆయ్."

"ఇడిపిచ్చుకునేటందుకు ఎన్ని జెప్తడో సూడు. బొక్కలంట."

"ఆయన నోరుంటె ఆయన్నే జెప్పమను. నువ్వెందుకు జెప్పుడు?"

ఆ నవ్వు నాకు తెలుసు. సినిమా హాల్లో నా చుట్టూ వినిపించిన నవ్వే అది. మనిషి ఏమన్నాడో ఎవరూ వినలేదు. వలలాయన మళ్లీ తట్టాడు. మళ్లీ చెప్పాడు. చెప్పిన కొద్దీ నవ్వారు. చివరికి తలుపుకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. నిజం తెలిసినవాడు మాట్లాడితే నమ్మరు. నమ్మే మాట ఉన్నవాణ్ని నేను, నోరు తెరవకూడదు. ఎండ బిళ్ల గోడ ఎక్కింది.

అప్పుడు గొళ్లెం తీసి ఒక ముసలామె లోపలికి వచ్చింది. రోడ్డు మీద వంట చేస్తున్న ఆమె. చేతిలో రెండు విస్తరాకుల్లో అన్నం. వెనక తలుపు దగ్గర గొంతు బొంగురుపోయిన మనిషి నిలబడ్డాడు.

"పోలీసోళ్లయితేంది, ఎవలయితేంది, ఆకలి గాదా? తినుండ్రి" అంది ఆమె.

"అమ్మా, ఆయన తినకూడదండి. ఆయన దగ్గర..." అని వలలాయన మొదలుపెట్టాడు.

"నిన్నడగలె నేను. ఆయన్ని జెప్పనియ్యి" అని ఆమె నా వైపు తిరిగింది. "ఏం నాయినా, పానం బాగలేదా? ముఖం గట్లెందుకున్నది? ఎటు పోతున్నవ్?"

ఏ ఊరు అని కాదు, ఎవరివి అని కాదు. ముఖం ఎందుకట్లా ఉంది అని అడిగింది. మా అవ్వ రైల్లో అడిగినట్టు. నేను సంచి వైపు చూశాను. ఇంత దూరం ఆమెను నోరు మూసుకుని తెచ్చానే, ఆమె బతికుండగా ఇంత దూరం నోరు మూసుకుని ఎప్పుడైనా వచ్చిందా అనిపించింది.

"మా అవ్వ" అన్నాను. పొద్దున్నుంచీ మాట్లాడని గొంతు, నాకే గుర్తుపట్టరాకుండా వచ్చింది. "గోదారికి తీస్కపోతున్న. పొద్దు పోతున్నది."

ఆమె చేతిలో విస్తరాకులు కింద పెట్టింది. పైన వేలాడుతున్న సంచిని చూసింది, దండం పెట్టింది. తర్వాత తలుపు దగ్గరున్న మనిషి వైపు తిరిగి అరవకుండానే అంది. "పీనుగను లోపలేసి గొళ్లెం పెట్టినవ్ రా కొడుకా. బండి తియ్యి."

అతను బయటికి ఉరికి మోటారుసైకిల్ తెచ్చాడు. నేను సంచి దించుకుని బయటికి వచ్చి బండెక్కాను. అందరూ హడావిడిగా మాను జరిపి దారి ఇస్తున్నారు. వెనక గొళ్లెం పడ్డ చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగి చూడకూడదు, చూడలేదు.

దారిలో ఇంకా రెండు మూడు చోట్ల అడ్డాలున్నాయి. అతను బొంగురు గొంతుతో "బొక్కలు, బొక్కలు" అనగానే దారి వదిలారు. ఆచారం ఎట్లాగూ తప్పింది, ఇక నోరెందుకు మూసుకోవాలని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాను. "నన్నెందుకు లోపలేసినవ్? నీ అయ్య అసొంటోన్ని. ఏం జూసి ఏసినవ్ జెప్పు." అతను గాలికి కళ్లు చికిలించి బండి నడిపాడు గానీ పలకలేదు. కాళేశ్వరంలో నన్ను దించి, నీళ్ల దాకా కూడా రాకుండా వెళ్లిపోయాడు. నేను గుండు చేయించుకునే సమయం కూడా లేక ఉరికి, పొద్దు నీళ్లను తాకుతుండగా ముంత వదిలాను.

తెల్లారి ఆలస్యంగా మానుకోట చేరితే, చిన్నాయన అంతా విని ఒకే మాట అన్నాడు. "మీయవ్వను గోదాంల ఇడిచిపెట్టి అచ్చినవ్ రా." ఆయన బతికినన్నాళ్లూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అది నా మీద ఒక బరువుగా కూచుంది. నా తప్పు కాని దాని బరువు. పెద్దకర్మలో ఆమె పేరు మీద విస్తరి వేస్తే కాకి రాలేదు, చాలాసేపటికి గానీ రాలేదు. అందరూ నన్నే చూశారు.

రాష్ట్రం వచ్చింది. ఊరూరా రంగులు చల్లుకున్నారు. నేనూ చల్లుకున్నాను, ఎందుకు చల్లుకోను. కానీ ఆ మనిషి నాకు ఒక జవాబు బాకీ ఉన్నాడు. అడగడానికే కాటారం పోయాను. అతను అక్కడ పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాడు. మొదటిసారి నన్ను చూసి తల వంచుకుని, "పని మీదున్న, పెద్దాయన" అని ట్యూబు నీళ్లల్లో ముంచాడు. ఆ తర్వాతి ఏడు పోయాను. "ఎప్పటి ముచ్చటనే, ఇడిసిపెట్టు" అన్నాడు, చాయ్ తెప్పించాడు. నేను తాగలేదు. ఇంట్లోవాళ్లు నాకు పిచ్చి పట్టిందన్నారు. మొన్న ఎండాకాలం మళ్లీ పోయాను. ఈసారి అతని జుట్టు కూడా నెరిసింది. నేను దుకాణం ముందు స్టూలు మీద కూచుని మొత్తం చెప్పాను. మా ఇంటి ఆచారం, చిన్నాయన అన్న మాట, కాకి రాకపోవడం, అవ్వ ఆ గోదాంలోనే ఆగిపోయిందని నా వాళ్లు ఇప్పటికీ అనుకోవడం. రైలు డబ్బాలో ఆమె ఎట్లా ముచ్చట పెట్టేదో అది కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. దీనికంతా నువ్వే కారణం, ఇప్పుడన్నా చెప్పు అన్నాను.

అతను చేతిలో ఉన్న టైరు పక్కన పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా నేల మీద కూచుని అన్నాడు:

"మీయవ్వ ఆడ ఆగిందంటె మంచిగనే ఆగింది పెద్దాయన, ఆ వలలాయనకు తోడు. నువ్వు పోయినంక ఆయన ఒక్కడే ఉన్నడు లోపట, సీకటి పడేదాక. నేను బండి దిగి అచ్చి గొళ్లెం దీస్తె, నీ గురించే అడిగిండు, పొద్దుండంగ నీళ్లకు చేరిండాండీ అని. మా అందరికంటె ముందు నిజం జెప్పినోడాయన. తప్పయిందని నీకు జెప్పుడు ఎంత సేపు, ఇప్పుడు జెప్తున్న, తప్పయింది. ఆయనకు జెప్పాలె. ఇద్దరు ఒక్క జీపుల కూసోని అచ్చిండ్రు గదా, ఆయన పేరేంది, ఏ ఊరు, జర జెప్పు."